ముందు రిపేరు నేర్చుకోండి

(తోలుపని నేర్చుకోవాలనుకునే యువతీ యువకుల కోసం కర్నూలులో జరిగిన సమావేశంలో ఒక తోలు పనివారు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. బ్యాగులు, బెల్టులు, పర్సులు తయారు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముకోవాలని అనుకుంటున్న పిల్లలే ఇక్కడ ఎక్కువమంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. చాలా సంతోషం. నేను మీకు ఒక్క మాట చెప్పడానికి వచ్చాను. తయారీకి ముందు రిపేరు నేర్చుకోండి. కొన్నాళ్ళు తెగినవి, చిరిగినవి, ఊడినవి బాగు చేయండి. ఆ తర్వాత కొత్త తోలు కొనండి.

ఎందుకంటే కొత్త వస్తువు ఏమీ చెప్పదు. అంగట్లో ఉన్నంతసేపు అన్ని బ్యాగులూ బాగానే ఉంటాయి. రెండేళ్ళు వాడాక పిడి ఏ మడత దగ్గర చీలింది, బెల్టు రంధ్రం ఎందుకు సాగింది, చెప్పు ఏ వైపు అరిగింది అని చూస్తే, చేసినవాడు ఎక్కడ శ్రద్ధ పెట్టాడో ఎక్కడ తొందరపడ్డాడో అక్కడే తెలిసిపోతుంది. నా దగ్గరికి వచ్చే ప్రతి తెగిన వస్తువునూ నేను అలాగే చూస్తాను. ముందు పగిలిన చోటు చూస్తాను, ధర తర్వాత చెబుతాను.

మాది ఆదోని వైపు పల్లె. మా నాయన చెప్పులు కుట్టేవాడు, ఎద్దులకు పట్టెడలు, చెర్నాకోలకు వార్లు చేసేవాడు. కానీ ఊరికి ఆయన అసలు అవసరం పడేది కపిల బావుల దగ్గర. మీలో చాలామంది కపిల చూసి ఉండరు. బావి గట్టు మీద గిలక, ఏటవాలుగా దిగే దారి, ఆ దారిలో ఒక జత ఎద్దులు. ఎద్దులు కిందికి దిగితే బావిలోంచి పెద్ద బాన పైకి వస్తుంది. బానకు కింద తోలు తొండం ఉంటుంది. గట్టు మీదికి రాగానే ఆ తొండం తెరుచుకుని నీళ్ళు కాలువలో పడతాయి. చాలా బావుల్లో ఆ బాన కూడా తోలుదే. పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా నీళ్ళలో నానుతుంది, తర్వాత ఎండలో ఎండుతుంది, మర్నాడు మళ్ళీ నానుతుంది. తోలుకు అంతకంటే కఠినమైన పరీక్ష ఇంకొకటి లేదు.

తొండం చినిగితే చేనికి నీళ్ళు ఆగిపోతాయి. వేరుశనగ పూత మీద ఉంటే రైతు ఒక్క రోజు కూడా ఆగలేడు. మా నాయన తోలుకు రంధ్రం పొడిచే ఆరె, దబ్బనం, నానబెట్టిన వార్లు తీసుకుని నేరుగా బావి దగ్గరికే పోయేవాడు. అక్కడే మాసిక వేసేవాడు. కొత్త తొండం తీరిగ్గా చేయొచ్చు, కానీ మాసిక మాత్రం అప్పటికప్పుడు వేయాల్సిందే. అందుకని ఊళ్ళో ఆయన పేరు నిలబడింది మాసిక వల్లనే. పంట ఇంటికి వచ్చినప్పుడు రైతులు ఇచ్చే మేర కూడా ఆ నమ్మకం మీదే కొలిచేవాళ్ళు.

ఈ బాన తోలు సమస్యకు ఒక చరిత్ర ఉంది. 1903 ప్రాంతంలో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు క్రోమ్ తోలు, అంటే క్రోమియం లవణంతో పదును చేసిన (కుళ్ళకుండా మార్చిన) తోలు మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. బూట్లు, జీనులు సరే, ఆయన మనసులో ఉన్న ముఖ్యమైన వస్తువుల్లో ఒకటి బావి నీళ్ళు తోడే తోలు బాన. చెక్కరసంతో, అంటే చెట్టు బెరడు రసంతో పదును చేసిన తోలు నీళ్ళలో నాని నాని తొందరగా పాడవుతోంది, క్రోమ్ తోలు ఎక్కువ కాలం ఆగుతుంది అని. దక్షిణ భారతంలో క్రోమ్ తోలు కథ మొదలవడంలో మన రైతు బావికి కూడా వంతు ఉందని గుర్తుపెట్టుకోండి. తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి, కపిలలు పోయాయి. మేము కర్నూలు వచ్చేశాం. కొండారెడ్డి బురుజు దగ్గర నాయన చెట్టు కింద కూర్చుని చెప్పులు కుట్టేవాడు. నేను అక్కడే పని నేర్చుకున్నాను.

ఇప్పుడు అసలు పాఠానికి వద్దాం. నా దగ్గర మూడు ముక్కలు ఉన్నాయి, వరుసగా అందరికీ ఇస్తూ వెళ్ళండి. మూడూ ఒకే చర్మంలోవి. మొదటిది వెన్ను పక్కన, నడుము వైపు కోసింది. రెండోది మెడది. మూడోది పొట్టది. వేళ్ళతో అటూ ఇటూ లాగి చూడండి. మొదటిది దాదాపు కదలదు. పొట్ట ముక్క సాగుతుంది, వదిలితే పూర్తిగా వెనక్కి రాదు.

కారణం లోపలి పీచు. చర్మం అంటే ఒకదానిలో ఒకటి చిక్కుకున్న సన్నటి పీచు, కొబ్బరిపీచు నొక్కి పలక చేసినట్టు. వెన్ను దగ్గర ఆ పీచు దట్టంగా, గట్టిగా అల్లుకుని ఉంటుంది. పొట్ట దగ్గర వదులుగా ఉంటుంది, ఎందుకంటే పశువు తిన్నప్పుడు, చూడితో ఉన్నప్పుడు అక్కడ సాగాలి కదా. బతికి ఉన్నప్పుడు ఆ చర్మం ఏ పని చేసిందో, తోలు అయ్యాక కూడా అదే పని చేస్తుంది. కాబట్టి చెప్పు అడుగుకు నడుము తోలు. బెల్టుకు, బ్యాగు పట్టీకి వెన్నుకు సమాంతరంగా కోసిన తోలు, అడ్డంగా కోస్తే సాగుతుంది. పొట్ట తోలు లోపలి అస్తరుకు, చిన్న చిన్న మాసికలకు. రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగిన బెల్టు నా దగ్గరికి వచ్చిందంటే, పొట్ట తోలుతో చేశారని చేతిలోకి తీసుకోకముందే తెలుస్తుంది. దానికి కొత్త రంధ్రం పొడిచి పంపడం రిపేరు కాదు. వెనకవైపు సాగని తోలు పట్టీ అతికి, చుట్టూ కుట్టి, అప్పుడు రంధ్రం పొడవాలి.

పచ్చి చర్మం తోలుగా ఎట్లా మారుతుందో కూడా క్లుప్తంగా చెబుతాను. ఉప్పు కడిగి నానబెడతారు, సున్నం నీళ్ళలో వేస్తారు, వెంట్రుక ఊడుతుంది, లోపలి కండ గీకేస్తారు, సున్నం పోయేదాకా కడుగుతారు. తర్వాత లంద, అంటే చెక్కరసంలో నానబెట్టే గుంత. మన సీమలో ఎటు చూసినా పచ్చగా పూసే తంగేడు ఉంది కదా, దాని చెక్కలో తోలును పదును చేసే వగరు పదార్థం ఉంది. నాలుక మీద పెట్టుకుంటే నోరు పిడచకట్టుకుపోతుంది. ఆ వగరే చర్మంలోని పీచును పట్టుకుని కుళ్ళకుండా చేస్తుంది. చివర్లో కరక్కాయ నీళ్ళు. పాతకాలంలో పల్లెల్లో చర్మాన్నే సంచిలాగా కుట్టి, లోపల చెక్కరసం నింపి, చెట్టుకో దూలానికో వేలాడదీసేవాళ్ళు. రసం మెల్లగా తోలు గుండా ఊరి కిందికి కారేది. మళ్ళీ అదే రసం పైన పోసేవాళ్ళు.

ఇందులో తొందరపాటు పనికిరాదు. మొదట పలచని రసం, తర్వాత చిక్కనిది. మొదటే చిక్కటి రసం పోస్తే పైపొర బిగుసుకుపోయి దారి మూసుకుంటుంది, లోపల పచ్చిగానే మిగిలిపోతుంది. అలాంటి తోలును కోస్తే అంచు మధ్యలో వేరే రంగు గీత కనబడుతుంది. కొనేముందు తప్పకుండా ఒక మూల కోసి చూడండి.

క్రోమ్ తోలు వేరు. క్రోమియం లవణంతో డ్రమ్ముల్లో తిప్పుతారు, వారాల పని గంటల్లోకి వస్తుంది. మెత్తగా ఉంటుంది, నీళ్ళకు, వేడికి ఎక్కువ ఓర్చుకుంటుంది. కోసిన అంచులో నీలంగానో బూడిదరంగుగానో ఛాయ ఉంటుంది. చెక్క తోలైతే లోపలంతా గోధుమరంగు. ఒక నీటి చుక్క వేస్తే చెక్క తోలు వెంటనే పీల్చుకుని నల్లబడుతుంది. రిపేరుకు ఇది ఎందుకు కావాలంటే, చెక్క తోలును తడిపి ఆకారం ఇవ్వొచ్చు, ఆరాక ఆ ఆకారంలోనే నిలబడుతుంది. క్రోమ్ తోలు అట్లా వినదు. చెక్క తోలు చెప్పును వేడినీళ్ళలో ముంచితే ముడుచుకుని బిర్రబిగుస్తుంది, మళ్ళీ బాగు కాదు.

ఈ రసాయన శాస్త్రం మన దేశంలో పెరగడానికి కష్టపడిన పెద్దల్లో ఒక తెలుగువాడు ఉన్నాడు. యలవర్తి నాయుడమ్మ గారు, గుంటూరు ప్రాంతం యలవర్రులో పుట్టారు. చెన్నైలో 1948లో మొదలైన కేంద్రీయ తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరుగా పనిచేశారు. 1985లో కనిష్క విమానంలో బాంబు పేలినప్పుడు పోయారు. లంద గుంతల దగ్గర పనిచేసేవాళ్ళ దగ్గరున్నది కూడా శాస్త్రమే అని గుర్తించి, ప్రయోగశాలకు, వాళ్ళకు మధ్య దారి వేయాలని చూసిన మనిషి. మీరు తోలుపని చేయబోతున్నారు కాబట్టి ఆయన పేరు తెలుసుకుని ఉండాలి.

మన పక్కనే ఇంకో తోలు విద్య ఉంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా, మొన్నటిదాకా అనంతపురం. అక్కడి తోలుబొమ్మల కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ళు మేకచర్మాన్ని చెక్కరసంలో వేయరు. శుభ్రం చేసి, గీకి, బిగించి ఆరబెడతారు. అందుకే దాని గుండా వెలుతురు వస్తుంది, బొమ్మ తెర మీద రంగులతో వెలుగుతుంది. చర్మం అదే. ఏం కావాలనుకున్నామో దాన్నిబట్టి పని మారుతుంది. వాళ్ళు బొమ్మలో ఉలితో చెక్కే రంధ్రాలు చూడండి, ఎక్కడా రెండు రంధ్రాల మధ్య చర్మం చిట్లదు. చేతికి అంత కొలత రావాలి.

రంధ్రాల మాట వచ్చింది కాబట్టి కుట్టు గురించి చెబుతాను. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. మిషన్ కుట్టులో పైదారం ఒకటి, కిందిదారం ఒకటి, రెండూ మధ్యలో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఒకచోట తెగితే ఆ వరుస వదులై ఊడుతూ పోతుంది. చేతి కుట్టులో ఒకటే దారం, రెండు కొసలకు రెండు సూదులు. ప్రతి రంధ్రంలోంచీ రెండు సూదులూ ఎదురెదురుగా పోతాయి. ఒక కుట్టు తెగినా పక్క కుట్లు పట్టుకునే ఉంటాయి, ఎందుకంటే ప్రతి రంధ్రంలో దారం రెండుసార్లు ఉంది. జీనులు, కళ్ళేలు కుట్టేవాళ్ళు ఈ పద్ధతినే నమ్ముకోవడానికి కారణం అదే. గుర్రం మీద ఉన్నప్పుడు కుట్టు ఊడితే ప్రాణం మీదికి వస్తుంది.

కుట్లు ఎంత దగ్గరగా వేస్తే అంత గట్టి అనుకుంటారు. అది తప్పు. రంధ్రం అంటే అక్కడ పీచు తెగిందని అర్థం. మరీ దగ్గరగా పొడిస్తే మీరే చింపడానికి గీత గీసి ఇచ్చినట్టు. మామూలు బ్యాగు తోలుకు కుట్టుకూ కుట్టుకూ నాలుగు మిల్లీమీటర్ల దూరం చాలు. ఆరెను ఏటవాలుగా పట్టి పొడవండి, రంధ్రాలు వరుసగా ఒకే గీత మీద పడకుండా ఒరిగి ఉంటాయి. దారానికి తేనెమైనం రాయండి. నైలాన్ దారం గట్టిదే కానీ మరీ సన్నది వాడితే తోలునే కోసేస్తుంది.

రిపేరులో ఇంకో నియమం. పాత రంధ్రాలు బాగుంటే అవే వాడండి, పక్కన కొత్తవి పొడవొద్దు. పాత కుట్టు విప్పేటప్పుడు లాగొద్దు, రంపెతో, అంటే తోలు కోసే కత్తితో ఒక్కొక్కటి కోసి తీయండి. ఒక పాత బ్యాగు పిడి కొత్తగా వేయాలంటే నేను సగం సమయం విప్పడానికే పెడతాను. కస్టమరు చూస్తూ విసుక్కుంటాడు, పర్వాలేదు.

అతికించే సొల్యూషన్ సంగతి చాలామందికి తెలుసు కానీ సరిగ్గా వాడరు. రెండు వైపులా గరుకు కాగితంతో రుద్దాలి. రెండు వైపులా పూయాలి. తడి పోయి వేలికి అంటుకోనంత వరకు ఆగాలి, అప్పుడు కలిపి సుత్తితో కొట్టాలి. తడిగా ఉండగానే అతికిస్తే వారంలో వస్తాడు మళ్ళీ.

కొన్ని వస్తువులు బాగు కావు, ఆ మాట నిజాయితీగా చెప్పాలి. రెగ్జిన్ పైపొర పెచ్చులుగా ఊడుతుంటే దానికి మందు లేదు, అది గుడ్డ మీద పూసిన ప్లాస్టిక్. పెళ్ళికి కొని బీరువాలో దాచుకున్న బూట్లు చాలా ఏళ్ళ తర్వాత తీసి తొడుక్కుంటే అడుగు ముక్కలు ముక్కలుగా రాలిపోతుంది. అది పీయూ అడుగు, అంటే పాలియురెథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్, వాడినా వాడకపోయినా గాలిలోని తేమకు విరిగిపోతుంది. పైన తోలు బాగుంటే కొత్త అడుగు వేయొచ్చు. డబ్బులు తీసుకుని పాత అడుగుకే సొల్యూషన్ పూసి పంపకండి.

ఇక మేకులు. చెక్కరసంలో పదును చేసిన తోలులో ఇనుప మేకు కొట్టి తడి తగిలితే చుట్టూ నల్లటి మచ్చ వస్తుంది, మెల్లగా అక్కడ తోలు పెళుసు అవుతుంది. వగరు, ఇనుము కలిస్తే నలుపు పుడుతుంది, శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళు బెల్లం నీళ్ళలో ఇనుము నానబెట్టి నల్లరంగు చేసుకునేది ఈ గుణం ఆధారంగానే. అక్కడ అది రంగు, మన చెప్పులో అది చేటు.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది, దీన్ని మాత్రం రాసుకోండి. షుగర్ చాలాకాలంగా ఉన్నవాళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. లోపలికి పొడుచుకు వచ్చిన మేకు వాళ్ళకు తెలియదు. పుండు పడుతుంది, మానదు, వేలు తీసేయాల్సిన పరిస్థితి దాకా పోవచ్చు. అందుకే అలాంటివాళ్ళకు ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు అడుగు చెప్పులు రాస్తారు డాక్టర్లు, వాటిలో మేకులు ఉండవు. మీ దగ్గరికి పెద్దవాళ్ళెవరైనా చెప్పు తెస్తే, "అమ్మా, షుగర్ ఉందా? కాళ్ళు తిమ్మిరి పడతాయా?" అని అడగండి. ఉందంటే మేకు జోలికి పోవద్దు. కుట్టండి, అతికించండి, పని అయ్యాక లోపల చెయ్యి పెట్టి వేళ్ళతో మొత్తం తడిమి చూడండి. చెప్పు కుట్టేవాడి చేతిలో ఒకరి కాలు ఉంది. ఈ మాట నేను ఊరికే గొప్పకు చెప్పడం లేదు.

తోలు జాగ్రత్త గురించి నాలుగు మాటలు. మన కర్నూలు ఎండ మీకు తెలుసు. తడిసిన చెప్పును ఎండలో పెట్టొద్దు, నీడలో గాలికి ఆరబెట్టండి. తోలులో ఉన్న జిడ్డు ఎండిపోతే మడత దగ్గర పగులుతుంది. మా పల్లెలో కొత్త చెప్పుకు ఆముదం పట్టించి గానీ తొడిగేవాళ్ళు కాదు. చెక్క తోలు చెప్పుకు ఇప్పటికీ అది పనికొస్తుంది, గుడ్డతో పలచగా రుద్ది ఒక రాత్రి వదిలేయండి. ఎక్కువ పోస్తే తోలు వదులైపోతుంది, దుమ్ము పడుతుంది. మడమ అరుగుదలను వారానికోసారి చూసుకోండి. మడమ ముక్క అరిగి అడుగు దాకా రాకముందే మార్పించుకుంటే ముప్పై, నలభై రూపాయల పని. వచ్చాక అయితే అడుగే మార్చాలి.

ఇంకొకటి చెప్పకుండా దిగితే నాకు మనసొప్పదు. ఈ పనిని మన సమాజం ఒక కులానికి కట్టేసింది. ఊరందరికీ చెప్పులు కుట్టిన మా తాత, కొన్ని వీధుల్లో చెప్పులు చేత్తో పట్టుకుని నడవాల్సి వచ్చింది. తిరుపతి అలిపిరి దగ్గర పాదాల మండపంలో స్వామి పాదరక్షలను భక్తులు నెత్తిన పెట్టుకుని తిరుగుతారు. పాలమూరులో కురుమూర్తి జాతరకు స్వామి ఉద్దాలను, అంటే పాదరక్షలను మా వాళ్ళే చేస్తారు, ఊరేగింపుగా తీసుకుపోతారు. స్వామి చెప్పును నెత్తిన పెట్టుకున్న ఊరే, దాన్ని కుట్టిన మనిషిని బావి దగ్గరికి రానివ్వలేదు. ఆ అవమానం భరించలేకనే మా ఇళ్ళల్లో పిల్లలు ఆరె పట్టలేదు. వాళ్ళది తప్పని నేను అనను. చదువుకుని ఉద్యోగాలకు పోయారు, పోవాలి కూడా. ఈ రోజు ఇక్కడ అన్ని కులాల పిల్లలూ ఈ పని నేర్చుకోవడానికి కూర్చున్నారు, అది నాకు నచ్చింది. ఒక్కటే అడుగుతున్నాను. మీరు ఫోన్‌లో చూసి నేర్చుకున్న ప్రతి కుట్టూ ఎవరో చెట్టు కింద కూర్చుని కుట్టినదే. మీ ఊళ్ళో అలాంటి పెద్దాయన ఉంటే పోయి ఆయన దగ్గర కూర్చోండి, ఆయన సమయానికి డబ్బు ఇవ్వండి, ఆయన పేరు చెప్పండి.

2025 జూన్‌లో ఇటలీలో ప్రాడా కంపెనీ కొల్హాపురి చెప్పుల్లాంటివి ర్యాంపు మీద చూపించింది, అవి ఎక్కడివో చెప్పలేదు. మహారాష్ట్ర, కర్ణాటక పనివాళ్ళు గట్టిగా అడిగాక, వాటి మూలం భారతీయ చేతిపని అని ఒప్పుకుంది. కొల్హాపురికి 2019లోనే భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు పనిదే అనే చట్టపరమైన గుర్తింపు వచ్చింది కాబట్టి వాళ్ళు గట్టిగా అడగగలిగారు. పేరు చెప్పమని నేను అడిగేది అందుకే.

డబ్బు సంగతి కూడా చెబుతాను. కేంద్రం 2023 సెప్టెంబరులో మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 పనులు ఉన్నాయి, చెప్పులు కుట్టే పని వాటిలో ఒకటి. శిక్షణ రోజులకు భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం, తక్కువ వడ్డీకి మొదట లక్ష రూపాయల అప్పు. పనిముట్లు కొనేటప్పుడు ఖరీదైన మిషన్ వైపు పోకండి. మంచి రంపె, రెండు ఆరెలు, దబ్బనం, సూదులు, గరుకు కాగితం, మూడు కాళ్ళ ఇనుప దిమ్మె. వీటితో మొదలుపెట్టండి. రంపెకు పదును పెట్టడం రాకపోతే మిగతావన్నీ దండగ.

సరే, మాటలు చాలు. బల్ల ఇక్కడ పెట్టించారు. మీలో చెప్పు తెగినవాళ్ళు, బ్యాగు పట్టీ ఊడినవాళ్ళు ముందుకు తీసుకురండి. ఒక్కొక్కటీ తీసి, ఎక్కడ పోయిందో, ఎందుకు పోయిందో ముందు మీరు చెప్పండి, తర్వాత నేను చెబుతాను. అమ్మా, నువ్వు రా, ఆ నల్ల చెప్పు ఇట్లా ఇవ్వు. మడమ బయటి అంచు అరిగింది, చూశారా? దీన్ని ముందు పట్టుకుందాం.